వారం రోజులు పట్నం పోయొచ్చాం, ఆస్పత్రికి కాదు



పోయిన నెల, కృత్తిక కార్తెలో, నేనూ మా ఇంటామె వారం రోజులు హైదరాబాదు పోయొచ్చాం. వచ్చినాక రచ్చబండ కాడ నలుగురు అడిగిన మాట ఒకటే. "ఏమైంది, ఎవురికి బాగలేదు?" అని. ఎవురికీ ఏమీ కాలేదు, ఊరు చూసొద్దామని పోయినాం అంటే ఒక్కరూ నమ్మలా. ఇంకొకాయన మొహం మీదే అన్నాడు, "మిరపకాయ ఇట్టా పడిపోయిన ఏడు నీకు షికార్లు ఏందిరా" అని. ఆ పూట నాకు జవాబు తోచలా. రెండు రోజులు ఆలోచించి ఇప్పుడు రాస్తన్నా. కొంచెం పొడుగవుద్ది, తీరిక చేసుకుని చదవండి.

ముందు డబ్బు సంగతి. మిరపకాయ ధర నాకు తెలవక కాదు. నా టిక్కీలు కూడా కోల్డ్ స్టోరేజీలోనే ఉండాయి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలని ప్రకటించింది. కౌలు, మందులు, కోత కూలీల ముందు ఆ లెక్క ఎంతవరకు నిలబడిద్దో మీకు నేను చెప్పక్కర్లా. అయితే నేను వారం రోజులు వేపచెట్టు కింద మంచం మీద పడుకుంటే ధర లేచిద్దా? మా ఇద్దరికీ రానూపోనూ బస్సు, సిటీ బస్సులు, మెట్రో, టికెట్లు, బయట తిన్నది, అంతా కలిపి 4,900 అయింది. మావాడి ఇంట్లో దిగాం కాబట్టి గది బాడుగ లేదు. రెండెకరాల మిరపకి ఒక్కసారి మందు కొట్టిచ్చే ఖర్చు కూడా కాదు అది. మందు కొట్టిచ్చినప్పుడు ఎవురూ షికారు అన్లా.

ఇప్పుడు అసలు సంగతి. హైదరాబాదుకీ మనకీ ఉన్న సంబంధం ఏంది? మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం, కనిగిరి, ఏ పక్క ఊళ్లో అయినా ఇంటికి ఒకరన్నా అక్కడ ఉంటారు. బేల్దారి పనికి పోయినోళ్లు, సెంట్రింగ్ పనికి పోయినోళ్లు, అపార్టుమెంటు కాడ వాచ్‌మెన్లు, ఇప్పుడు చదువుకున్న పిల్లకాయలు కంపెనీల్లో. వానలు లేని ఏడు తట్టాబుట్టా సర్దుకుని పోయినోళ్లు కట్టిన మేడలు అక్కడ ఎన్నుండాయో లెక్కలేదు. అంత సంబంధం ఉండి కూడా మా ఇంటామె ఇంతకుముందు హైదరాబాదు ఏడు సార్లు పోయింది. అయిదు సార్లు ఆస్పత్రికి, ఒకసారి పెళ్లికి, ఒకసారి మనవడు పుడితే. ఆ ఏడు సార్లలో చార్మినార్ చూడలా. ఆస్పత్రి వరండా, కొడుకు ఇంట్లో వంటగది, ఇవే ఆమె చూసిన హైదరాబాదు. ఈ మాట ఆమె చెప్తే నాకు సిగ్గేసింది. నేనూ అంతకంటే ఎక్కువేం చూడలా, అది వేరే సంగతి.

మావాడు మంచోడే. మేము దిగిన రోజు "నాన్నా, ఎండలు మండిపోతన్నాయి, ఏసీ వేసుకుని పడుకోండి, సాయంత్రం మాల్‌కి తీసకపోతా" అన్నాడు. తీసకపోయాడు కూడా. ఏడు అంతస్తులు, మెట్లు వాటంతటవే కదులుతాయి, మా ఇంటామె చీర కుచ్చిళ్లు పట్టుకుని దేవుడికి దణ్ణం పెట్టి ఎక్కింది. కింద సూపర్ మార్కెట్లో కందిపప్పు పాకెట్ చూశా, కిలో నూటయాభై పైన. నేను కందులు ఎంతకి అమ్మానో మీకు తెలుసు. ఆ మాల్ గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. పట్నం పోయినోళ్లు అంతా అదే చూసొస్తారు, అదే చెప్తారు. ఇక్కడే నేను అడ్డం పడతా. మనం చూడాల్సింది అది కాదు.

మావాడి ఇల్లు నిజాంపేట వైపు. రెండో రోజు పొద్దున అయిదింటికి కింద గుర్రుమని శబ్దం. లేచి చూస్తే నీళ్ల ట్యాంకరు. బోర్లు ఎండిపోయినాయంట, ఎండాకాలం నీళ్లు కొనుక్కోవాల్సిందేనంట. మా ఊళ్లోనూ ట్యాంకరే గదా, ఇంతదూరం వచ్చినా ఇదేనా అని మా ఇంటామె నవ్వింది. తేడా ఏందంటే అక్కడ కొళాయికి కృష్ణ నీళ్లు కూడా వస్తాయి. నాగార్జునసాగర్ నుంచి అక్కంపల్లి, కోదండాపురం మీదుగా వంద కిలోమీటర్లకి పైన పైపుల్లో తీసుకుపోయి 2004 నుంచి ఇస్తన్నారు. మన బస్సు ఎర్రగొండపాలెం, మాచర్ల దాటి సాగర్ మీదుగానే గదా పోయేది. ఆ నీళ్లూ మేమూ ఒకే దారిన పట్నం పోయినామన్నమాట. సాగర్ కుడి కాలవ మన పక్క మండలాల దాకా వచ్చి పల్లం చూసుకుని దర్శి వైపు తిరిగిపోయిద్ది. మన మెట్టకి ఎక్కదు.

ఆ ట్యాంకరు చూసినాకే నాకు బుద్ధి పుట్టింది. ఈ వారం ఈ ఊరికి నీళ్లు యాడ నుంచి వచ్చినాయో చూద్దాం అని. మావాడు నవ్వాడు, నవ్వనీ.

శుక్రవారం పొద్దున్నే మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగాం. సాలార్‌జంగ్ మ్యూజియం చూద్దామని పోతే గేటు మూసుంది. శుక్రవారం సెలవంట. ఇది రాసి పెట్టుకోండి, నాలాగా మోసపోవద్దు. (మర్నాడు మళ్లీ పోయినాం. గంట గంటకీ ఒక చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి పోయే గడియారం ఉంది, దాని ముందు జనం అరగంట ముందు నుంచే కూచుంటారు. ముసుగేసుకున్న రాతి బొమ్మ ఉంది, రెబెక్కా అంట, రాయిలో పల్చటి గుడ్డ ఎట్టా చెక్కాడో ఎంత చూసినా అర్థం కాలా.) సరే, శుక్రవారం ఏం చెయ్యాలో తోచక నయాపూల్ వంతెన మీద నిలబడి మూసీని చూశాం. నది అంటే నమ్మబుద్ధి కాదు, వాసన. అవతలి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి. "మళ్లీ ఆస్పత్రేనా" అంది మా ఇంటామె. అవును, ఈసారి ఆస్పత్రికి పోయింది ఒక చింతచెట్టు చూడటానికి.

1908 సెప్టెంబరు 28న మూసీకి వరదొచ్చింది. ఎగువ చెరువులు చాలా తెగినాయి, ఆ నీళ్లన్నీ ఒక్కసారి ఊరి మీద పడినాయి. పదిహేను వేల మంది దాకా పోయారని చెప్తారు. ఆ రోజు నూటయాభై మంది ఈ చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారంట. చెట్టు ఇప్పటికీ ఉంది, ఆస్పత్రి ఆవరణలోనే. ఏటా ఆ తేదీన కొంతమంది దాని కాడికొచ్చి తలుచుకుంటారు. మేము పోయినప్పుడు దాని నీడలో రోగుల తాలూకు మనుషులు టిఫిన్ డబ్బాలు విప్పుకుని తింటన్నారు. మామూలు చింతచెట్టే, మన పొలం గట్టు మీద ఉండేలాంటిదే. మా ఇంటామె మొదలు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. టికెట్ లేదు, లైను లేదు. వారం మొత్తంలో మా ఇద్దరికీ ఎక్కువ గుర్తుండిపోయింది అదే.

వరద తర్వాత నిజాం ఏం చేశాడు? ఇంజనీరుని పిలిపించాడు. ఆయనే విశ్వేశ్వరయ్య. బొంబాయి సర్కారు కొలువు వదిలి విదేశాల్లో తిరుగుతన్న మనిషిని పిలిపిస్తే 1909లో వచ్చి మూసీ అంతా తిరిగి లెక్కలు కట్టాడు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, ఊరికి ఎగువన రెండు పెద్ద చెరువులు కట్టండి, వరద ఆగుద్ది, తాగటానికి నీళ్లూ ఉంటాయి అన్నాడు. 1920కి ఉస్మాన్‌సాగర్, అదే గండిపేట, అయిపోయింది. 1927కి హిమాయత్‌సాగర్.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆయన ఇంటిపేరు ఏంది? మోక్షగుండం. ఆ మోక్షగుండం ఏది? బేస్తవారిపేట మండలంలో మనం గిద్దలూరు పోతా వస్తా చూసే ఊరే. ఆయన పుట్టింది కర్ణాటకలో ముద్దేనహళ్లి, నిజమే. పెద్దోళ్లు మాత్రం మన మోక్షగుండం నుంచి పోయినోళ్లు. అంటే మన నీళ్లులేని మెట్ట ఊరి పేరు మోసుకున్న మనిషి వేసిన లెక్కతో హైదరాబాదు నూరేళ్ల నుంచి నీళ్లు తాగతంది. ఖైరతాబాద్‌లో ఆయన విగ్రహం కూడా ఉంది, మెట్రో దిగితే దగ్గరే. అక్కడ పళ్లరసం అమ్మే కుర్రాణ్ణి "ఈయన ఊరు ఏదో తెలుసా" అని అడిగా. "మైసూరు సార్" అన్నాడు. "కాదబ్బాయ్, మా కంభం పక్క" అన్నా. రసం డబ్బులు మాత్రం తగ్గించలా.

శనివారం మధ్యాహ్నం మెహిదీపట్నం పోయి అక్కణ్ణుంచి గండిపేట. కట్ట మీద గాలి చల్లగా ఉంది. పిల్లలు, చాయ్ బండ్లు, ఫోటోలు. నేను చూసింది కట్ట, తూములు, వాలు. ఆ నీళ్లు ఊరికి మోటారు లేకుండా పల్లంగా పోవాలని ఆ రోజుల్లోనే ఏర్పాటు చేశారు. కరెంటు బిల్లు లేదు. మన బోరు మోటార్లు కాలిపోయి రివైండింగ్ కొట్టు ముందు పడిగాపులు పడే మనకి ఆ విషయం అర్థమైనంతగా ఆ ఊరోళ్లకి అర్థం కాదనుకుంటా. మా ఇంటామె అడిగింది, "ఏమయ్యా, మన కంభం చెరువు దీనికంటే పాతది గదా?" అని. పాతదే. ఎప్పుడో రాజుల కాలంలో గుండ్లకమ్మకి అడ్డంగా రెండు కొండల మధ్య కట్ట వేశారు. 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది. దానికి లేనిది నీళ్లే.

గండిపేట కాడ ఇంకొక సంగతి తెలిసింది. ఈ రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల దాకా, 84 ఊళ్లలో, ఫ్యాక్టరీలు, పెద్ద కట్టడాలు రాకూడదని 1996లో 111 నంబరు జీవో ఇచ్చారు. 2022లో దాన్ని ఎత్తేస్తన్నామని ఇంకో జీవో వచ్చింది, దాని మీద గొడవలు నడుస్తన్నాయి. ఆ 84 ఊళ్ల రైతులు "మా భూమి అమ్ముకోనీకుండా ఇరవయ్యారేళ్లు కట్టేశారు" అంటారు, వాళ్ల బాధ వాళ్లది. ఎవురికో నీళ్లు కావాలంటే ఇంకెవురో రైతు ఆగాల్సిందే అన్నట్టుంది.

1996 అనగానే మీకు ఏం గుర్తొచ్చింది? నాకైతే గొట్టిపడియ గుర్తొచ్చింది. అదే ఏడు వెలిగొండకి శంకుస్థాపన. నాకప్పుడు పాతికేళ్లు దాటినాయి. ట్రాక్టరు మీద పోయి చూసొచ్చినోళ్లలో నేనూ ఉండా. శ్రీశైలం ఎగువ నుంచి కృష్ణ నీళ్లు నల్లమల కింద సొరంగాల్లో మన పక్కకి వస్తాయి, నాలుగు లక్షల నలభై ఏడు వేల ఎకరాలు తడుస్తాయి అన్నారు. ఒక్కో సొరంగం పద్దెనిమిది కిలోమీటర్ల పైన. తవ్వటం అయిందని 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. 2025 దాకా మన కాలవలోకి చుక్క రాలా. గండిపేట, హిమాయత్‌సాగర్ రెండూ కలిపి వరదొచ్చినాక పంతొమ్మిదేళ్లలో తయారైనాయి, అదీ గంపలతో మట్టి మోసిన కాలంలో. మనకి 2025కే ఇరవైతొమ్మిదేళ్లు అయింది. సొరంగం వేరు, మట్టికట్ట వేరు, నాకూ తెలుసు. అయినా ఆ కట్ట మీద కూచుని లెక్కేసుకుంటే కడుపు మండింది. ఫలానా పార్టీ తప్పని నేను రాయటం లా. అందరూ వచ్చారు, అందరూ కొబ్బరికాయ కొట్టారు.

మనం హైదరాబాదు పోయినప్పుడల్లా తల వంచుకుని పోతాం, డాక్టరు ముందో, ఓనరు ముందో, కాలేజీ ఫీజు కౌంటరు ముందో. ఒక్కసారి తల ఎత్తి ఆ ఊరికి నీళ్లు ఎట్టా వచ్చినాయో చూసి రావాలని నేనంటా. చూసినోడికి అడగటం వచ్చిద్ది. ఆఫీసరు వచ్చి "పెద్ద ప్రాజెక్టులకి టైం పడుద్దండీ" అంటే, గండిపేట కాలపు లెక్క తెలిసినోడు ఊరికే తలాడించడు గదా. ఎండాకాలం కాకపోతే ఇంకెప్పుడు పోతాం? తొలకరి పడితే మనల్ని కదిలించేవాడు లేడు.

మిగతావి త్వరగా చెప్తా. గోల్కొండకి పొద్దున తొమ్మిదింటికే పోవాలి, పదకొండు దాటితే రాళ్లు కాలతాయి. కింద గేటు కాడ చప్పట్లు కొడితే పైన కొండ మీద వినపడుద్దని గైడ్లు చూపిస్తారు, అది అందరూ చూస్తారు. మీరు గోడల్లో మట్టి గొట్టాలు చూడండి. దుర్గం చెరువు నీళ్లు తెచ్చి, చక్రాలతో అంచెలంచెలుగా కొండ పైకి ఎక్కించేవాళ్లంట. నాలుగొందల ఏళ్ల కిందట లిఫ్టు ఇరిగేషను. ఆ దుర్గం చెరువు మీద ఇప్పుడు తీగల వంతెన వేసి రంగు లైట్లు పెట్టారు. ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం పూట బాగుంటది, బుద్ధుడి బొమ్మ దగ్గరికి పడవలో పోవచ్చు. ఆ హుస్సేన్‌సాగర్ కూడా 1562 నాటిది, తాగునీటికీ సాగుకీ తవ్వించిన చెరువు. ఇప్పుడు ఆ నీళ్లలో చెయ్యి పెట్టబుద్ధి కాదు.

చార్మినార్ చూశాం, లాడ్ బజార్లో మా ఇంటామె నాలుగు డజన్లు గాజులు కొన్నది, బేరం ఆమే చేసింది, నేను నోరు తెరవలా. ఆ వారం ప్రపంచ సుందరి పోటీలు అని ఊరంతా బోర్డులే. మేము ఆదివారం బస్సులో ఉండంగానే ఫోన్లో వార్త వచ్చింది. చార్మినార్ పక్కనే గుల్జార్ హౌజ్ కాడ అగ్నిప్రమాదం, ఒకే ఇంట్లో 17 మంది పోయారు, అందులో చిన్న పిల్లలు. అయిదు రోజుల కిందట ఆ వీధిలోనే నిమ్మసోడా తాగాం. ఇంటికొచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలా.

ఒక తెల్లారుజామున బోయినపల్లి కూరగాయల మార్కెట్టుకి నేనొక్కణ్ణే పోయినా. పాడైన కూరగాయల నుంచి గ్యాసు తీసి కరెంటు చేస్తన్నారు అక్కడ, దాంతోనే లైట్లు వెలగతన్నాయి. మన దగ్గర టమాటా ధర లేక రోడ్డు మీద పారబోసే రోజులు గుర్తొచ్చినాయి.

చూడలేకపోయింది ఇక్రిశాట్. పటాన్‌చెరులో 1972 నుంచి ఉంది. కంది, శనగ, సజ్జ, జొన్న, వేరుశనగ, అచ్చంగా మన మెట్ట పంటల మీదే పని. మనం వేసే జేజీ 11 శనగ వాళ్లూ జబల్‌పూర్ యూనివర్సిటీ వాళ్లూ కలిసి తెచ్చిందే. ఊరికే పోయి గేటు కాడ నిలబడితే లోపలికి పోనీరు, ముందుగా అనుమతి అడగాలి. సంతోష్‌నగర్‌లో క్రీడా అని మెట్ట వ్యవసాయానికే ఒక పరిశోధన సంస్థ ఉంది, రాజేంద్రనగర్‌లో ఆముదం మీద, చిరుధాన్యాల మీద సంస్థలుండాయి. ఒక్కడు పోతే ఎవురు పలకరిస్తారు, ఇరవై మంది రైతులు కలిసి వ్యవసాయాఫీసు నుంచి కాయితం పట్టుకుని పోతే వేరు.

పోయేవాళ్లకి రెండు మాటలు. పది నుంచి నాలుగింటి దాకా ఎండలో తిరగొద్దు, ఆ టైముకి మ్యూజియం లాంటి నీడ పట్టున ఉండేవి పెట్టుకోండి. సంచిలో మజ్జిగ సీసా, నిమ్మకాయ, ఉప్పు, పంచదార ఉండాలి. బీపీ, షుగరు బిళ్లలు మర్చిపోవద్దు. సిటీ బస్సుల్లో ఆడోళ్లకి ఫ్రీ అని మనోళ్లు చాలామంది అనుకుంటారు, అది తెలంగాణ ఆధార్ ఉన్నోళ్లకే. మా ఇంటామె దర్జాగా కార్డు చూపిస్తే కండక్టరమ్మ చూసి "ఆంధ్రాది అమ్మా" అని టికెట్ కొట్టింది.

వచ్చే ఏడు ఏప్రిల్ ఆఖరులో, శనగలూ కందులూ ఇళ్లు చేరినాక, ఒక బస్సు మాట్లాడదామని నాకుంది. నలభై సీట్లు. భార్యాభర్తలు కలిసొస్తేనే సీటు, మగోళ్లే పోయి మందు పార్టీ చేసుకునేదానికి నేను రాను. మొదటి రోజు గండిపేట, రెండో రోజు అనుమతి దొరికితే ఇక్రిశాట్, మూడో రోజు ఆ చింతచెట్టు, మ్యూజియం. శుక్రవారం కాకుండా. దసరా లోపల పేర్లు చెప్తే వ్యవసాయాఫీసులో కాయితం నేను పెడతా. మొహం మీద షికారు అన్న పెద్దాయనకి ముందు సీటు ఉంచుతున్నా, కిటికీ పక్కన.